ఆమ్లము గీసిన దోనె

సముద్రమునకు దూరమైన బచ్చన్నపేటవంటి యూళ్లలో, ఓడ యెట్టిదో బాలురకు జెప్పవలెనన్న పటమే శరణ్యము. ఆ పటము చేయబడిన విధమునుగూడ జెప్పినచో దాని విలువ యినుమడించును. సోల్విన్సు రచించిన దోనీచిత్ర మట్టిది.

ఆంట్వెర్పున 1760లో జన్మించిన సోల్విన్సు 1791లో కలకత్తా చేరెను. అచటి జనుల వేషములను, వృత్తులను, పడవలను జిత్రించి, 250 చిత్రముల సంపుటమును ప్రకటించెను. 1808-1812 నడుమ పారిసున నాలుగు సంపుటములు వెలువరించెను. దోనీ కోరమాండలు తీరపు టోడ. మన కోరంగియు నాతీరముననే యున్నది.

ఈ చిత్రముల విధాన మిది. నునుపైన రాగిరేకుపై మైనము, గుగ్గిలము కలిపిన పూత పూసి, పొగచూరజేసి, సూదితో గీయుదురు. గీసినచోట రాగి బయల్పడును. రేకును ఆమ్లమున ముంచగా, అది ఆ గీతలను మాత్రమే తినును. ఆకాశమునకు దగిన సన్నని గీతలు తేలగానే వానిని పూతతో గప్పి, రేకును మరల ముంచుదురు. ఎక్కువసేపు నానిన గీతలు లోతై, ఓడప్రక్కల నీడవలె నల్లగా దేలును. తుదకు పూత తొలగించి, సిరా నింపి, పైభాగమును దుడిచి, తడికాగితముంచి యంత్రమున నొత్తుదురు. అచ్చులో కుడియెడమలు మాఱును. కావున ఎడమకు సాగవలసిన యోడను కుడికి గీయవలెను.

సోల్విన్సు దోనీని పొగడలేదు. దానికి తెరచాపకొయ్య యొక్కటే యనియు, ఇరుప్రక్కల బిగించిన కొద్దిపలకలే నిలువ జోటనియు, త్రాళ్లచాపల యమరిక చక్కగా లేదనియు వ్రాసెను. అయినను దానిని చిత్రింపకుండ విడువలేదు. నిందించినదానిని గూడ శ్రద్ధతో జూచుటయే యాతని ఘనత. అతడు వృత్తుల మచ్చులను వెదకెనేగాని వ్యక్తులను గాదు. దోనెను గట్టిన వడ్రంగి పేరు మనకు దక్కకపోవుట యిందలి కొఱత.

మన కొఱత యంతకంటె బెద్దది. శాతవాహనుల సీసపునాణెములపై రెండుకొయ్యల యోడ కలదు. పిదప మన పండితులు సముద్రయానము నిషిద్ధమా కాదా యని వాదించిరేగాని, ఓడ నెట్లు కట్టుదురో వడ్రంగి నడుగుట యరుదు. తెలిసినవాడు వ్రాయలేదు, వ్రాయగలవాడు చూడలేదు. సోల్విన్సు తానే చూచి, తానే రేకులు చెక్కెను.

ఈ విద్య మనకు జిక్కనిదా? కాదు. మెదకుసీమ నిజాంపూరున 1940లో బుట్టిన లక్ష్మాగౌడు ఇట్టి రేకులమీదనే మన పల్లెమనుష్యులను, మేకలను నిలిపినాడు. మా ప్రక్కనున్న పెంబర్తివారు ఇత్తడిరేకులపై సుత్తితో దేవతలను దేల్చుచున్నారు. కావలసినది చదివిన చేయి పనిముట్టు ముట్టుటకు సిగ్గుపడకుండుటయే. పిల్లలకు పటమును జూపు తలిదండ్రులు, అది యెవరి చేతి పనియో, ఎట్లయ్యెనో గూడ జెప్పుదురుగాక.