బొమ్మకు లొంగని 'లేదు': ఏడు చేపల కథలో పదజాలం, కథాక్రమం – కొల్లేటి నేపథ్యంలో ఒక పరిశీలన

బొమ్మల పుస్తకాలతో చిన్నపిల్లలకు చదువు నేర్పే పద్ధతిని సమర్థించేవారు ప్రధానంగా రెండు ప్రయోజనాలు చెబుతారు. కొత్త మాటలు పట్టుబడతాయన్నది మొదటిది, కథలోని ముందువెనుకలు తెలుస్తాయన్నది రెండోది. రెండోదాని కోసం చేయించే అభ్యాసం సుపరిచితమే. కథలోని నాలుగైదు బొమ్మలను కలగాపులగం చేసి, ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరిగింది అని అడుగుతూ వరుసలో పెట్టిస్తారు. తెలుగు పిల్లలు బడికి రాకముందే వినే ఒక కథ మాత్రం ఈ అభ్యాసానికి లొంగదు. అది ఏడు చేపల కథ.

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. వాటిలో ఒకటి ఎండదు. ఎందుకని చేపను అడిగితే గడ్డిమోపును, గడ్డిమోపును అడిగితే ఆవును చూపిస్తుంది. అక్కడి నుంచి ప్రశ్న పశువుల కాపరికి, అవ్వకు, పిల్లవాడికి, చివరకు చీమకు చేరుతుంది. తన బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టక ఏం చేస్తానని చీమ ఎదురు ప్రశ్నించడంతో కథ ఆగుతుంది. జానపద విజ్ఞానంలో దీనిని గొలుసుకథగా వర్గీకరిస్తారు. పిల్లల కథగా, హాస్యకథగా దీనికి పేరున్నా, నిర్మాణాన్ని పట్టించుకున్నది తక్కువ.

చెప్పిన వరుస, జరిగిన వరుస

ఈ కథలో మొదట జరిగిన సంఘటన పుట్టలో వేలు పెట్టడం. అది కథ చివర వినిపిస్తుంది. ఆఖరున జరిగింది చేప ఎండకపోవడం. దాదాపు అక్కడి నుంచే కథ మొదలవుతుంది. చెప్పే వరుస జరిగిన వరుసకు తలకిందులుగా నడుస్తుంది. 1979లో స్టైన్, గ్లెన్ పిల్లల కథాగ్రహణశక్తిపై ప్రతిపాదించిన కథావ్యాకరణం ప్రకారం నేపథ్యం తరువాత ప్రేరక సంఘటన, దాని వెంట పాత్రల ప్రయత్నం, ఫలితం రావాలి. ఏడు చేపల కథలో ఫలితం ముందు వచ్చి, ప్రేరక సంఘటన చివర వస్తుంది. అయినా మూడేళ్ల పిల్లలు కూడా దీనిని తడబడకుండా అనుసరిస్తారు. ప్రతి జవాబూ తరువాత ఎవరిని అడగాలో చెప్పేస్తుంది కనుక పిల్లల జ్ఞాపకంపై పడే భారం ఒక్క లంకె మాత్రమే.

అందువల్ల ఈ కథ బొమ్మలను వరుసలో పెట్టమన్నప్పుడు ఒక పిల్ల చేపతో మొదలుపెట్టి చీమతో ముగించవచ్చు, ఇంకొక పిల్లవాడు చీమతో మొదలుపెట్టి చేపతో ముగించవచ్చు. మొదటిది విన్న వరుస, రెండోది జరిగిన వరుస. ఒకే జవాబున్న అభ్యాసపత్రం ఈ ఇద్దరిలో ఒకరికి తప్పు వేస్తుంది. ఆ తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది. 'తరువాత ఏమైంది' అన్నదానికి బదులు 'దేనివల్ల' అని అడిగితే ఇద్దరి వరుసలూ నిలబడతాయి. కాలక్రమాన్ని, కార్యకారణాన్ని ఒకటిగా భావించే అలవాటు బోధనలో స్థిరపడిపోవడం వల్లనే ఈ చిక్కు వస్తున్నది.

మేయడం, మేపడం

పదజాలం విషయానికి వస్తే, పటాలలోనూ వాచకాలలోనూ బొమ్మ పక్కన ఉండేది దాదాపు ఎప్పుడూ నామవాచకమే. చేప, ఆవు, చీమ అనే పేర్లు బొమ్మ చూస్తే తెలుస్తాయి. వాటి కోసం ఈ కథ అక్కరలేదు. కథ అసలు నేర్పేది క్రియలను. చేప ఎండుతుంది, రాజకుమారులు దానిని ఎండబెడతారు. ఆవు మేస్తుంది, కాపరి దానిని మేపుతాడు. పని తానే జరగడానికీ, ఇంకొకరు జరిపించడానికీ మధ్య ఉన్న భేదం మీదనే గొలుసు నడుస్తుంది. ఆవు మేయకపోవడానికి కారణం ఎవరూ మేపకపోవడమే. ఈ భేదం తెలియని పిల్లలకు ఆ లంకె అర్థం కాదు. అర్థమైన పిల్లలకు ప్రేరణక్రియ వ్యాకరణ సూత్రం లేకుండానే వచ్చేసినట్టు.

ఇక్కడ ద్విభాషా పుస్తకాలకు ఒక చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో ఎదురెదురు పుటల్లో తెలుగు, ఇంగ్లీషు పాఠాలుండే వాచకాలు వాడుకలోకి వచ్చాయి. ఈ కథను అలా అచ్చువేస్తే ఎండడానికీ ఎండబెట్టడానికీ ఎదుటి పుటలో 'డ్రై' ఒక్కటే సరిపోతుంది, మేయడానికీ మేపడానికీ 'గ్రేజ్' ఒక్కటే. ఇంగ్లీషు పుట నుంచి తెలుగుకు వచ్చే పిల్లలకు రెండు క్రియలెందుకో బోధపడదు. ఈ జంటను చెప్పవలసింది బొమ్మే. ఆవు మెడలోని పలుపు గుంజకు కట్టి ఉండి, కాపరి దూరంగా కూర్చొని ఉంటే మేపకపోవడం కనిపిస్తుంది.

అసలు కష్టం దీని వెనుకే ఉంది. కథలోని ఏడు ప్రశ్నల్లో నాలుగు వ్యతిరేకార్థకాలు: ఎండలేదు, మేయలేదు, మేపలేదు, అన్నం పెట్టలేదు. జరగని పనిని బొమ్మగా గీయడం ఎలా? ఆవు బొమ్మ వేస్తే ఆవు ఉన్నట్టే తప్ప అది మేయలేదని కాదు. 1968లో వచ్చిన పాట్ హచిన్స్ 'రోజీస్ వాక్'లో కోడిపెట్ట నడకను ఒకే వాక్యం చెబుతుంది, దాని వెంటపడే నక్క బొమ్మల్లోనే ఉంటుంది. అక్కడ మాట చెప్పనిది బొమ్మ చెబుతుంది. ఏడు చేపల కథలో పరిస్థితి అందుకు విరుద్ధం. మాట సులువుగా చెప్పేసిన 'లేదు'ను బొమ్మ కష్టపడి చూపించాలి. అవ్వ పక్కన నిండుకుండ, కాపరి ముందు ఖాళీ కంచం ఉంటే తప్ప పెట్టకపోవడం కనిపించదు. చిత్రకారుడు ఈ జాగ్రత్త తీసుకోకపోతే పుటకొక జంతువు బొమ్మ మిగులుతుంది, కథ మిగలదు.

మోపు, మేటు అనే పాఠభేదం కూడా ఇలాంటిదే. కథ చెప్పేవారిలో కొందరు గడ్డిమోపు అంటారు, కొందరు గడ్డిమేటు అంటారు. వినేటప్పుడు తేడా తెలియదు. గీసేటప్పుడు తెలుస్తుంది. తల మీద మోసే మోపు నీడ ఒక్క చేప మీద పడితే చాలు. మేటు నీడ ఏడింటినీ కమ్మేస్తుంది, అప్పుడు మిగిలిన ఆరూ ఎలా ఎండాయో చెప్పవలసి వస్తుంది.

కొల్లేటి పిల్లలు చదివితే

కృష్ణా గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరు మంచినీటి సరస్సు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఈ ప్రాంతపు పిల్లలకు 'చేప' అనే మాట ఒక్కటే చాలదు. కొర్రమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి అని వేరు చేసి పిలిచే ఇళ్ల నుంచి వచ్చినవారికి, పొలుసులూ చీలిన తోకా ఉన్న పటంలోని చేప ఏ చేపా కాదు. ఏడు చేపలకూ ఏడు పేర్లు, ఏడు ఆకారాలు ఇచ్చిన పుస్తకం వస్తే కథకు కొత్త జవాబులు పుడతాయి. లావాటి కొర్రమీను సన్నటి పరిగెతో సమానంగా ఎండదు. ఆ సంగతి తెలిసిన పిల్లలు గడ్డిమోపు దాకా వెళ్లకుండానే కారణం చెప్పగలరు. ఆ జవాబును తోసిపుచ్చే ఉపాధ్యాయుడు కథను కాపాడినట్టు కాదు.

అయితే కొల్లేటి పిల్లలందరికీ ఇది ఇంటి అనుభవమేనని అనుకోవడం పొరపాటు. చెరువుల సాగు విస్తరించాక బొచ్చె, శీలావతి చేపలు మంచుపెట్టెల్లో లారీలెక్కి దూర రాష్ట్రాలకు పోతున్నాయి. చేపల చెరువు గట్టున పెరిగిన పిల్లలకు కూడా ఎండబెట్టడం పెద్దలు చెప్పిన మాటగానే తెలిసి ఉండవచ్చు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బస్తాల మార్కెట్టు చూస్తూ పెరిగినవారికి గడ్డిమోపు అంతకన్నా దూరం. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవలలో కొల్లేటి జీవితం పెద్దల కోసం నమోదైంది. దోనె, మావు, ఊత వంటి మాటలను బొమ్మతో సహా పిల్లలకు అందించే పని అటువంటి నవల చేయలేదు, దానిని బొమ్మల పుస్తకమే చేయాలి. అనువాదాల మీద ఎక్కువగా ఆధారపడిన తెలుగు బొమ్మల పుస్తకాలకు ఈ మాటలు బయటి నుంచి రావు.

ఇంకొక లోటు కథలోనే ఉంది. చీమ జవాబుతో ప్రశ్నలు ఆగిపోతాయి, చేప ఎండిందో లేదో ఎవరూ చెప్పరు. రాజకుమారులు మళ్లీ కనిపించరు. నోటితో చెప్పినప్పుడు వినేవారి నవ్వులో ఇది కొట్టుకుపోతుంది. పుస్తకానికి మాత్రం చివరి అట్ట ఉంటుంది, దాని మీద ఏదో ఒక బొమ్మ ఉండాలి. అక్కడ ఏడో చేప ఎండినట్టు గీస్తే, గడ్డిమోపును ఎవరు తీశారని పిల్లలు అడుగుతారు.