గుడ్డు పగలకూడదు

పచ్చి కోడిగుడ్డు ఒకటి తీసుకోవాలి. బరువు 57 గ్రాములకు తగ్గకూడదు, 63 దాటకూడదు. అడ్డంగా కొలిస్తే 45 మిల్లీమీటర్లకు మించకూడదు. దాన్ని కాగితపు గొట్టంతో చేసిన రాకెట్టు తలలో కూర్చోబెట్టి ఆకాశంలోకి వదలాలి. ఎంత ఎత్తు ఎగిరిందో కొలుస్తారు, సరే. దిగాక డబ్బా విప్పి చూస్తే గుడ్డు మీద వెంట్రుకవాసి పగులున్నా చాలు, ఎగిరిన ఎత్తంతా గంగలో కలిసినట్టే. అమెరికాలో మోడల్ రాకెట్ల పోటీల్లో 1960ల నుంచి నడుస్తున్న ఆట ఇది. ఈ నిబంధన పెట్టినవాళ్ల బుర్రకు దండం పెట్టాలి. ఎగరడాన్ని ఎవరైనా మెచ్చుకుంటారు. క్షేమంగా దింపడానికి మార్కులు వేసిన ఆట నాకు తెలిసి ఇదొక్కటే.

శృంగవరపుకోటలో కూర్చుని అమెరికా గుడ్డు గురించి బెంగపడటమేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఆ రాకెట్లు కట్టుకునే పాత కిట్లు విప్పి చూసినవాడెవడూ నవ్వడు. ఎస్టెస్ కంపెనీ కిట్టు ఒకటి చాలా ఏళ్ల కిందట మా మేనమామ అక్కడినుంచి తెచ్చాడు. విమానంలో మందు తేనివ్వరు గనుక ఇంజిను లేకుండానే వచ్చింది, ఇప్పటికీ బీరువా మీద నిలబడే ఉంది. దాని ఇంజిన్ల బొమ్మ, అడ్డంగా కోసి చూపించినది, కాగితంలో అచ్చువేసి ఉంది. కాగితపు గొట్టం, మూతికి మట్టి బిరడా, అందులో సన్నని కంత, లోపల దట్టించిన తుపాకిమందు, దాని మీద ఆలస్యంగా కాలే మరికొంత మందు, ఆ పైన తలను విప్పే చిటికెడు మందు. ఇంతే. మా అనంతగిరి కొండల కింద పెరిగిన ఏ పిల్లాడికైనా ఇది చూపించండి. తారాజువ్వ అనే అంటాడు.

మా వైపు దసరా వెళ్లిన మర్నాటి నుంచే జువ్వల సందడి మొదలయ్యేది. దీపావళితో తీరేది కూడా కాదు, నాగుల చవితికి కొన్ని దాచాలి. సరుకులు మూడే: సురేకారం, గంధకం, బొగ్గు. పాళ్లు చెప్పను. లైసెన్సు లేకుండా మందు కూరడం నేరం. నేరం సంగతి అలా ఉంచినా, కాలిన చేతులు చాలా చూశాను. కానీ బొగ్గు విషయంలో మాత్రం నోరు మూసుకోలేను. తేలికగా, గుల్లగా ఉండే కట్టె బొగ్గయితేనే మందు చురుగ్గా అంటుకుంటుంది. అది ఏ కట్టె అన్నదాని మీద ఇంటికో మతం. కంది కంప తప్ప ముట్టనివాళ్లున్నారు, గోగు కర్రను మించింది లేదనేవాళ్లున్నారు. నేను జిల్లేడు పక్షం. ఈ విషయంలో రాజీ లేదు.

అసలు పనితనం మందులో లేదు, కూరడంలో ఉంది. కాగితాన్ని నున్నటి కడ్డీ చుట్టూ జిగురు రాస్తూ బిగించి చుట్టి, నీడనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే గొట్టం వంకర తిరుగుతుంది. మూతికి బంకమట్టి. తర్వాత చెంచాడేసి మందు పోస్తూ, కూరుకర్ర పెట్టి, సుత్తితో ఒకే లెక్కన దెబ్బలు. ఒక పొర గట్టిగా, ఇంకో పొర వదులుగా పడిందా, లోపల మందు బీటలిస్తుంది. బీటలోకి నిప్పు దూరితే మొత్తం ఒక్కసారే అంటుకుంటుంది. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు, ఆయన చెవితో కూరేవాడు. పైపొర ఇంకా మెత్తగా ఉన్నప్పుడు దెబ్బ బొద్దుగా మోగుతుంది. సర్దుకునేసరికి ఆ మోత సన్నబడి 'టక్కు'మంటుంది. ఆ టక్కు వినపడగానే చెయ్యి ఆగిపోయేది, మరొక్క దెబ్బ వేసేవాడు కాదు. తొందరపడే మాలాంటి కుర్రాళ్లను, 'జోరుగా కొట్టకురా గుంటడా, సమంగా కొట్టు. మందుకి కోపం రాకూడదు' అని కసిరేవాడు. ఆయన కూరిన జువ్వ దారి తప్పడం నేను చూడలేదు.

మూతి దగ్గరనుంచి మందు మధ్యలో కొంత లోతువరకు బోలుగా వదలాలి. నిప్పు ఆ బోలు గోడలన్నిటినీ ఒకేసారి అందుకుంటుంది, అందుకే జువ్వ నేలను తన్ని లేస్తుంది. బోలు లేకపోతే చుర్రుమని ఉన్నచోటే కాలి చల్లారుతుంది. బోలు మితిమీరితే పేలుతుంది. జువ్వకూ బాంబుకూ తేడా ఆ మాత్రమే. బోలుకు పైన గట్టిగా మిగిల్చిన మందే గడియారం. జువ్వ ఎక్కే దమ్ము అయిపోయి, ఇంకా పడటం మొదలుపెట్టని ఆ రెప్పపాటులో అది కాలి తలలోని తారలను అంటించాలి. ముందే అంటిస్తే తారలు వేగానికి చెదిరిపోతాయి. ఆలస్యమైతే జువ్వ తిరగబడి ఎవరి గడ్డికుప్ప మీదో విచ్చుకుంటుంది. పాకల ఊళ్లలో అదెంత పనో చెప్పక్కర్లేదు.

ఇక పుల్ల. వెదురు పుల్ల కట్టి, జువ్వను వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూస్తారు. గొట్టం మూతికి కాస్త కిందుగా సరితూగితే అది నిటారుగా పోతుంది. తలలో తారలు పెట్టగానే ఆ తూకం ముందుకు జరిగిపోతుంది. అప్పుడు పుల్ల పొడుగైనా పెంచాలి, మందమైనా పెంచాలి. పుల్ల పెరిగితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఎత్తు తగ్గుతుంది. మోసుకెళ్లే సరుకుకూ ఎక్కే ఎత్తుకూ మధ్య ఈ బేరం రాకెట్టు పుట్టినప్పటినుంచీ తెగలేదు. శ్రీహరికోటలో ఈనాటికీ జరుగుతున్నది అదే బేరం. చైనావాళ్లు మొదలుపెట్టారంటారు, మైసూరువాళ్లు ఇనుప గొట్టాలతో ఇంగ్లీషువాళ్లను హడలగొట్టారు. చరిత్రకు ఈపాటి చాలు.

అమెరికాలో ఈ రాకెట్టును పిల్లల చేతికి అందించిన మనిషి శాస్త్రవేత్త కాడు, చెప్పుల దుకాణం యజమాని. నెబ్రాస్కా రాష్ట్రంలో ఆర్విల్ కార్లైల్ అనే ఆయనకు బాణసంచా పిచ్చి. ఆ పిచ్చితోనే 1954లో పుల్లకు బదులు రెక్కలు, తారలకు బదులు పారాచూటు పెట్టి 'రాక్-ఎ-చూట్' చేశాడు. హ్యారీ స్టైన్ అనే రాకెట్ల నిపుణుడు, పిల్లలు ఇళ్లలో మందు కూరి చేతులు పోగొట్టుకుంటున్నారని పత్రికల్లో రాస్తుంటే, కార్లైల్ తన నమూనాలు ఆయనకు పంపించాడు. మందు ఫ్యాక్టరీలో కూరాలి, రాకెట్టు పిల్లలు కట్టాలి. ఆ హాబీ మొత్తం ఈ పని విభజన మీదే నిలబడింది. కొలరాడోలో వెర్న్ ఎస్టెస్ మందు కూరే యంత్రం తయారుచేసి దానికి 'మేబెల్' అని పేరు పెట్టాడు. మా వీధి పెద్దాయన చెవితో చేసిన పనిని మేబెల్ ఒత్తిడి లెక్కతో, విసుగు లేకుండా చేసిపెట్టింది. అరిజోనాలో సెంచురీ కంపెనీ కూడా మంచి కిట్లే చేసింది, ఒప్పుకుంటాను. కానీ నేను ఎస్టెస్ మనిషిని.

ఎస్టెస్‌వాళ్ల పాత కిట్లలో 'స్క్రాంబ్లర్' గుడ్డు మోసే బండి. గుడ్డు రాకెట్ల గొప్పతనం తెలియాలంటే ముందు బరువు చూడండి. అదే కంపెనీ 'ఆల్ఫా' అనే చిన్న రాకెట్టు పాతిక గ్రాములు తూగదు. గుడ్డు అరవై గ్రాములు. అలాంటి చిన్న రాకెట్టుకన్నా రెండింతలకు పైగా బరువున్నదాన్ని మోయాలి, అదీ తల మీద, అదీ పచ్చిది! ఒక్క ఇంజిను చాలకపోతే మూడింటిని గుత్తిగా కట్టేవాళ్లు. మూడూ ఒకే క్షణంలో అంటుకోవాలి. ఒకటి మొరాయిస్తే రాకెట్టు పక్కకు ఒరిగి, ఆమ్లెట్టు పొలంలోనే తయారవుతుంది. అందుకే వత్తులు వాడరు, సన్నని తీగలకు బ్యాటరీ కరెంటు ఇచ్చి ముట్టిస్తారు. బరువైన రాకెట్టు నెమ్మదిగా లేస్తుంది గనుక, దానికి దారి చూపే కడ్డీని వదిలేలోపే నిలకడకు కావలసినంత వేగం అందాలి.

ఇంజిను మీద సి6-3 అని అచ్చువేసి ఉంటుంది. అక్షరం మొత్తం బలానికి, మొదటి అంకె తోపుకు, చివరి అంకె మందు అయిపోయాక పారాచూటు విప్పేదాకా ఆగే సెకన్లకు గుర్తు. గుడ్డు బరువుకు రాకెట్టు ఎక్కువసేపు పైకి జారదు. అందుకని ఏడు సెకన్ల ఇంజిను పెడితే పారాచూటు విప్పుకునేసరికి రాకెట్టు ముక్కు కిందికి పెట్టి దూసుకొస్తూ ఉంటుంది. మా ఊరి జువ్వలో బోలు పైన మిగిల్చిన మందే ఇక్కడ ఆ చివరి అంకె. కొలత మారింది, తెలివి అదే.

కట్టడం సంగతి వింటే ఇంకా ముచ్చటేస్తుంది. రెక్కలు బాల్సా చెక్కతో కోయాలి, చెక్క నార రెక్క ముందంచు వెంట పోవాలి. అడ్డంగా కోస్తే దిగేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. కోసిన చెక్క గరుకు పోయేదాకా పూత, ఆరాక ఉప్పుకాగితం, మళ్లీ పూత. పారాచూటు ప్లాస్టిక్ కాగితం అంటుకుపోకుండా మడతల మధ్య పౌడరు చల్లాలి. మంట తగలకుండా కింద మంటంటని కాగితం ఉండలు కుక్కాలి. గుడ్డును నిలువుగానే పెట్టాలి, పెంకుకు బలం కొనల్లో ఉంటుంది. చుట్టూ దూది గాని స్పాంజి గాని కదలకుండా సర్దాలి, నొక్కకుండా కూడా సర్దాలి. పదేళ్ల పిల్లాడు సాయంత్రాలు కూర్చుని ఇదంతా చేసేవాడు. ఇంతకన్నా మంచి చదువు ఏ బడిలో చెబుతున్నారో చూపించండి!

ఇప్పుడు వచ్చేవి చూస్తే ఒళ్లు మండుతుంది. అట్టపెట్టె విప్పగానే ప్లాస్టిక్ రెక్కలు, అచ్చువేసిన రంగులు, గుచ్చితే సరిపోయే ముక్కలు. అరగంటలో ఎగరేసి, మూడో రోజున మూల పడేస్తారు. చెయ్యి పెట్టనిదాని మీద ప్రేమెక్కడినుంచి వస్తుంది?

మన జువ్వల గతి మరీ అన్యాయం. సంతలో కొన్న జువ్వకు పుల్ల వంకర, గొట్టానికి వదులు, తలలో తారల బదులు ఒక చప్పుడు. సీసాలో పెట్టి అంటిస్తే ఎదురింటి మేడమీద పేలుతుంది. డబ్బా మీద మాత్రం అంతరిక్షనౌక బొమ్మ! చేసే కార్మికుల మీద నాకు కోపం లేదు, రోజుకు వేల జువ్వలు చేయించే లెక్క మీద కోపం. జువ్వలంటే చప్పుడే అనుకునే జనం తయారయ్యాక, 2018లో సుప్రీంకోర్టు పండగనాడు రెండే గంటలు కాల్చుకోమంది. తప్పు కోర్టుది కాదు. మోత, పొగ మిగిల్చి పనితనాన్ని వదిలేసినవాళ్లం మనమే. ఇళ్లలో మళ్లీ మందు కూరండని నేను అనను, అననివ్వను. చేతుల్లోని మిగతా విద్య ఎందుకు పోవాలన్నదే నా బాధ.

ఒక బడి సైన్స్ ఫెయిరులో గుడ్డు రాకెట్టు పెట్టారంటే ఆశగా వెళ్లాను. గుడ్డు ఉడకబెట్టినది! 'పగిలితే మచ్చలవుతాయండి' అన్నారు. పగలడానికి వీల్లేని గుడ్డుతో పోటీ ఏమిటి? అమెరికాలో 2003లో బడిపిల్లలకు జాతీయ పోటీ మొదలుపెట్టినప్పుడు రెండు పచ్చి గుడ్లను 1500 అడుగుల ఎత్తుకు పంపి, చెక్కుచెదరకుండా తెమ్మన్నారు. ఆ పోటీ నేటికీ నడుస్తోంది. మన ఇస్రో కూడా చివరికి ఈ పరీక్షే రాసింది. 2007 జనవరి 10న కక్ష్యలోకి పంపిన ఎస్ఆర్ఈ-1 అనే గుళికను 22వ తేదీన పారాచూట్లతో బంగాళాఖాతంలో దింపి తెచ్చుకుంది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ కోసం ఖాళీ సిబ్బంది గదిని శ్రీహరికోటనుంచి పైకి తోసి, పారాచూట్ల మీద సముద్రంలోకి దింపింది. రేపు అలాంటి గదిలో మనుషులుంటారు.

శృంగవరపుకోట చుట్టుపక్కల బడుల్లోని సైన్సు మాస్టార్లకు ఒక మనవి. తుపాకిమందు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, బిరడా బిగించి, సైకిలు పంపుతో గాలి కొడితే చక్కగా లేస్తుంది. పిల్లలను దూరంగా నిలబెట్టి, పెద్దవాళ్లు దగ్గరుండి వదలాలి. రెక్కలు అట్టతో కోయించండి, పారాచూటు కిరాణా సంచితో కట్టించండి, తూకం వేలి మీద చూడటం నేర్పండి. కోతలయ్యాక మళ్లన్నీ ఖాళీయే, చోటుకు కొదవ లేదు. మధ్యాహ్న భోజనానికి గుడ్లు ఎలాగూ బడికి వస్తున్నాయి. వంట మొదలవకముందే ఒకటి అడిగి తీసుకోండి, కిరాణా కొట్టు కాటాలో తూచండి. ఉడకబెట్టనిదే తీసుకోండి.