వలసపోయినవారి వెండితెర

పొట్ట చేతబట్టుకొని పరాయిదేశం పోయినవాడు వెంట ఏమి తీసుకుపోతాడు? మన సభల్లో ఈ ప్రశ్నకు సిద్ధంగా వున్న సమాధానం ఒకటే: భాష, సంస్కృతి. వినడానికి బాగానే వుంది. కాని ఏ సంస్కృతి, ఎవరి సంస్కృతి అని మరొక ప్రశ్న వేస్తే వక్తలు గడియారం వంక చూస్తారు. సంస్కృతి అనేది ట్రంకుపెట్టెలో మడతపెట్టి తీసుకుపోయే పట్టుచీర కాదు. దానిని ఎవరో పూనుకొని నిలబెట్టాలి. సాయంత్రాలూ ఆదివారాలూ ఖర్చుపెట్టాలి. హాలు అద్దెకు తీసుకోవాలి, కుర్చీలు వేయాలి, పిల్లలను పోగుచేయాలి. జీతం బత్తెం లేకుండా ఈ పని చేసే కార్యకర్తలు ప్రతి వలస సమాజంలోనూ కనబడతారు. వారు తెర మీద ఏ బొమ్మ చూపిస్తున్నారు, దేనిని తెర వెనకే వుంచుతున్నారు అన్నది విమర్శకుడు పట్టించుకోవలసిన విషయం. మనం పుస్తకాలను విమర్శిస్తాం, సినిమాలను విమర్శిస్తాం. వాటిని ఏరి జనం ముందు పెట్టేవారి ఎంపికను విమర్శించడం మాత్రం మనకు అలవాటు లేదు.

ఇక్కడ రెండు వలస సమాజాలను పక్కపక్కన పెట్టి చూడదలచాను. ఒకటి మనది. రెండవది బాల్టిక్ తీరపు చిన్న జాతులది, ముఖ్యంగా ఎస్తోనియావారిది. గూడూరులో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఎస్తోనియాతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. పని వుంది. 2011 జనాభా లెక్కల్లో మన పాత వరంగల్ జిల్లా జనం 35 లక్షలు. ఎస్తోనియా దేశమంతా కలిపినా 13 లక్షల పైచిలుకే. ఒక జిల్లాలో సగం కూడా లేని ఆ దేశానికి సొంత భాష, సొంత నవల, సొంత చలనచిత్రం వున్నాయి; సముద్రాలు దాటిపోయిన తన బిడ్డలకు వాటిని చూపించుకునే ఏర్పాటూ వుంది. ఇన్ని కోట్లమందిమి వున్న మనం వారి దగ్గర నేర్చుకోదగినది ఏమైనా వుందా అన్నదే నా ప్రశ్న.

1944లో సోవియట్ సేనలు తిరిగి వస్తున్నప్పుడు పదుల వేలమంది ఎస్తోనియావారు పడవల్లో స్వీడనుకూ, జర్మనీకీ పారిపోయారు. అక్కడి శిబిరాల నుంచి కెనడా, అమెరికా, ఆస్ట్రేలియాలకు చెదిరిపోయారు. వెంట తీసుకుపోయిన ఆస్తి ముఖ్యంగా పాట. 1869లో తార్తూ నగరంలో వారి మొదటి పాటల ఉత్సవం జరిగింది. 1873లో రీగాలో లాత్వియావారిది. వేలమంది ఒక్క గొంతుతో పాడే ఆ సంప్రదాయాన్ని వారు ప్రవాసంలోనూ వదలలేదు. 1972లో టొరాంటోలో ప్రపంచంలోని ఎస్తోనియా ప్రవాసులందరి ఉత్సవం తొలిసారి జరిగింది. ఆ టొరాంటోలోనే 2005లో 'ఎస్త్‌డాక్స్' పేరుతో ఒక చిత్రోత్సవం మొదలైంది. ఇక్కడ పాఠకుడు ఒక్క విషయం గమనించాలి: అది డాక్యుమెంటరీల ఉత్సవం. తారల ఉత్సవం కాదు. తమ జాతికి ఏం జరిగింది, తమవాళ్లు ఏం చేశారు, ఈనాడు ఎట్లా బతుకుతున్నారు అన్న సంగతులను చూపే చిత్రాలు దానికి ప్రాణం.

మన కథ ఇంతకంటే పాతది, ఇంతకంటే పెద్దది. కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ చెరకు తోటలకు పోయిన కూలీలను అక్కడివాళ్లు 'కొరింగీ'లనే పిలిచారు. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లకూ అదే పేరు. 1930 మే నెలలో సమ్మె చేసిన ఆ తెలుగు కూలీలకూ, వారి స్థానంలో యజమానులు దింపిన బర్మా కూలీలకూ మధ్య రంగూన్ వీధుల్లో నెత్తురు పారింది. నటాల్‌కు పోయినవారు 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. మలయా ఎస్టేట్ల తెలుగువారు 1955లో సంఘం పెట్టుకున్నారు. వీరిలో ఎవరి వెనకా ధనికుడు లేడు. మారిషస్ తెలుగువారు ఈనాటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తున్నారంటే, అమ్మోరు పండుగ చేస్తున్నారంటే, రామభజనలు పాడుతున్నారంటే, తెలుగు మాట్లాడడం మరచిన తరాలు కూడా తెలుగు పాట మరవలేదంటే, దానికి కారణం గిర్మిట్ కూలీల ఆదివారపు శ్రమ. అప్పన్న పేరు ఒక్కటి చాలు, వాళ్లు ఉత్తర కోస్తా పేదపల్లెల నుంచి పోయారని చెప్పడానికి. ఈ సంస్కృతిని మతవిశ్వాసమని తేలిగ్గా తీసిపారేసే అభ్యుదయవాదులు కొందరున్నారు. భజనకు కూడుకోవడమే సంఘానికి తొలిమెట్టయిన చోట ఆ తొందర మంచిది కాదు.

1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత పోయినవారి సంగతి వేరు. వారు డాక్టర్లు, ఇంజనీర్లు, ఆచార్యులు. 1977లో న్యూయార్కులో ఉత్తర అమెరికా తెలుగువారి మొదటి మహాసభ జరిగింది. తొలి రోజుల్లో సినిమా వారికి ఊరి ఉత్తరం లాంటిది; ఎక్కడి నుంచో రీళ్ల పెట్టె తెప్పించి విశ్వవిద్యాలయపు హాల్లో ఆడించుకొని, చూసి కళ్లు తుడుచుకున్నవారున్నారు. దానిని నేను పరిహసించను. కాని పోనుపోను ఆ రీళ్ల పెట్టె స్థానంలో తారామణి విమానం దిగింది. మహాసభ అంటే ఏ హీరో వస్తున్నాడు, ఏ సంగీత దర్శకుడు పాడతాడు అన్నదే మొదటి ప్రశ్న అయింది. కార్యకర్తల శ్రమ అంతా తారల రాకపోకలకూ, బసకూ, శాలువాలకూ చెల్లిపోతుంది. సొంత ఊళ్లో పెట్టుబడి తయారుచేసి మార్కెట్లో అమ్మిన సరుకునే తిరిగి సముద్రం దాటించి, దానికి సంస్కృతి అని చీటీ అంటించడం ఇది. నిర్మాతకు విదేశీ వసూళ్లు, తారకు ప్రచారం. కుర్చీలు సర్దిన కార్యకర్తకు ఒక ఫోటో.

దీనికి ఎదురుగా నిలబడిన చిన్న ప్రయత్నాలు లేకపోలేదు. 1998 నుంచి డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితివారు పుస్తకాలు చదివి కూర్చొని చర్చించుకుంటున్నారు. 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నది. కాని చదువుకూ చర్చకూ దక్కిన ఈ చోటు సినిమాకు దక్కలేదు. సినిమా అంటే చర్చించవలసినది అన్న భావమే మన సంఘాల్లో పుట్టలేదు.

అసలు భేదం ఇక్కడ వుందని నా అభిప్రాయం. నొప్పి కలిగించే చిత్రాన్ని చూపే ధైర్యం కార్యకర్తకు వుండాలి. మార్తి హెల్దె అనే యువ దర్శకుడు 2014లో 'ఎదురుగాలిలో' అని చెప్పదగిన ఒక చిత్రం తీశాడు. 1941 జూన్‌లో ఎస్తోనియా నుంచి సైబీరియాకు తరలించబడిన ఒక తల్లి ఉత్తరాల కథ. నలుపు తెలుపుల్లో మనుషులంతా బొమ్మల్లా కదలకుండా నిలబడి వుంటారు. కెమెరా ఒక్కటే వారి మధ్య నడుస్తుంది. కాలం ఆగిపోయిందని మాటల్లో చెప్పకుండా శరీరాలతో చెప్పిన ఆ పద్ధతి కేవలం శిల్ప చమత్కారం కాదు. వస్తువే ఆ శిల్పాన్ని అడిగింది.

ఇది మన పాఠకులకు సుఖమైన చిత్రం కాదు. మనలో పెద్దవారు ప్రపంచ సినిమాను సోవియట్ చిత్రాల ద్వారానే తెలుసుకున్నారు; 'బాలడ్ ఆఫ్ ఎ సోల్జర్' చూసి ఏడ్చిన తరం ఇంకా మన మధ్య వుంది. ఆ కన్నీరు అబద్ధం కాదు. 1949 మార్చిలో మూడు బాల్టిక్ దేశాల నుంచి 90 వేలకు పైగా జనాన్ని, అందులో ఎక్కువమంది ఆడవాళ్లనూ పిల్లలనూ, రైలుపెట్టెల్లో ఎక్కించి పంపిన మాటా అబద్ధం కాదు. రోలాండ్స్ కల్నిన్ష్ 1967లో లాత్వియాలో తీసిన 'నాలుగు తెల్లచొక్కాలు' చిత్రాన్ని అధికారులు పెట్టెలో పెడితే 1986 దాకా అది జనం ముందుకు రాలేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' జమీందారుల ఆగ్రహానికి గురై నిషేధం పాలైనందుకు మనం ఈనాటికీ మండిపడతాం. ఆ మంట రీగా దాకా చేరకపోతే మన విమర్శకు తూకం ఒకటి కాదు, రెండు అనవలసి వస్తుంది.

అయితే ప్రవాస బాల్టిక్ సంఘాలను నెత్తికెత్తుకోవడం కూడా నా ఉద్దేశం కాదు. తాము బాధితులమన్న జ్ఞాపకం వారికి గట్టిగా వుంది. తమ గడ్డ మీద నాజీల కాలంలో యూదుల ఊచకోతకు తమవారు కొందరు చేయి కలిపిన జ్ఞాపకం అంత గట్టిగా లేదు. లిథువేనియాలో యూదుల్లో నూటికి తొంభైమంది పైగా హతమయ్యారు. 2019లో యూర్గిస్ మతులెవిచ్యుస్ 'ఇసాక్' చిత్రంలో కౌనస్ గారేజీలో జరిగిన హత్యాకాండలో పాల్గొన్న ఒక లిథువేనియా యువకుడి అపరాధాన్ని తవ్వి తీశాడు. ప్రవాసంలో ఒక కార్యకర్త 'ఎదురుగాలి'ని చూపితే హాలు నిండవచ్చు. 'ఇసాక్'ను చూపితే కొందరు లేచిపోవచ్చు. ఆ రెండవ సాయంత్రం హాలు తలుపు తీసినవాడినే నేను సంస్కృతి కార్యకర్త అంటాను.

మనకు అటువంటి చిత్రాలు లేవా? వున్నాయి. 1979లో గౌతం ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన 'మా భూమి' వుంది. ఆ నర్సింగరావే 1988లో తీసిన 'దాసి' వుంది; దానికి ఐదు జాతీయ బహుమతులు వచ్చాయి. దొర గడీలో కమలాక్షి నీళ్లు మోస్తుంది, ఊడుస్తుంది, పిలిచినప్పుడు పోతుంది. మాట తక్కువ, గడీ గోడలే మాట్లాడతాయి. అమెరికాలో ఒక హాల్లో 'దాసి'ని ఆడిస్తే ఏం జరుగుతుంది? గడీ వారసులూ, గడీలో వెట్టి చేసినవారి వారసులూ ఒకే వరసలో కూర్చుంటారు. కులం ఓడెక్కలేదనీ విమానం ఎక్కలేదనీ ఇక అనడానికి వీల్లేదు; 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. దీపాలు వెలిగిన తరువాత ఆ హాల్లో నడిచే చర్చ పది తారోత్సవాలకు మించిన తెలుగు సంస్కృతి.

ఇక ఎస్తోనియావారి సినిమాల్లో మన విద్యార్థులకు నేను చూపగలిగినది ఒకటి: 'కమలాపండ్లు'. 2013లో జార్జియా దర్శకుడు జాజా ఉరుషాద్జె ఎస్తోనియా వారితో కలిసి తీసినది. ఎస్తోనియాకు మొదటి ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. ఇది కూడా వలస సమాజపు కథే. జార్ చక్రవర్తుల కాలంలో, 1880ల్లో, ఎస్తోనియా రైతులు కొందరు నల్లసముద్ర తీరాన అబ్ఖాజియాలో స్థిరపడ్డారు. 1992లో అక్కడ యుద్ధం వస్తే చాలామంది 'స్వదేశం' వెళ్లిపోయారు. ఇవో అనే ముసలివాడూ, మార్గుస్ అనే తోటమాలీ మిగిలారు. ఒకడు పండ్లకు చెక్కపెట్టెలు చేస్తాడు, మరొకడికి పండ్లు కోయించాలన్న ఆత్రం. గాయపడిన ఇద్దరు శత్రువులు, ఒక చెచెన్, ఒక జార్జియన్, ఇవో ఇంట్లో పక్కపక్క గదుల్లో కోలుకుంటారు. చెట్ల మీద పండ్లు పండిపోతుంటాయి, కోసేవాళ్లు లేరు.

చిత్రంలో లోపాలు లేకపోలేదు. ఇవో మరీ ఋషి. యుద్ధం ఎవరి లాభానికి నడిచిందో చెప్పకుండా మనుషులు మంచివాళ్లయితే చాలునన్నట్టు కథ నడుస్తుంది. స్త్రీ అన్నది గోడ మీది ఫోటోలో తప్ప ఎక్కడా లేదు. వలసలో ఇల్లు నిలబెట్టేది ఎవరో ఈ దర్శకుడికి తట్టలేదు. అయినా కోతకు వచ్చిన పంటా, లేని కూలీలూ అన్న ఆ ఒక్క సన్నివేశం మా పిల్లలను పట్టుకున్నది. ఇది మిరప పండే ప్రాంతం. కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి గిరిజన కూలీలు ఈ చుట్టుపక్కల జిల్లాలకు వస్తారు. 2020 లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరపచేల నుంచి బీజాపూర్‌కు నడిచిపోతూ పన్నెండేళ్ల పిల్ల ఇంటికి చేరువలో కన్నుమూసింది. "సార్, మనం ఇవోలమా, మార్గుస్‌లమా?" అని ఒక అమ్మాయి అడిగింది. వెంటనే వెనక బెంచీ నుంచి, "మార్గుస్ కూలి ఎంత ఇస్తాడో సినిమాలో చెప్పలేదు" అని ఒకడు. ఈ రెండవ మాట నేను చదివిన సమీక్షల్లో ఎక్కడా లేదు.

ఆ అమ్మాయిది తండా. లంబాడాలు రాజస్థాన్ నుంచి ఎద్దుల మీద ధాన్యం మోసుకుంటూ దక్కనుకు దిగినవారు. అంటే మా తరగతి గదిలో సగం బెంచీలు వలస సమాజమే. తీజ్ తొమ్మిది రోజులూ పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, రోజూ నీళ్లు పోస్తూ పాడతారు. దానికి అధ్యక్షుడూ కార్యదర్శీ లేరు, తారలు రారు. చందా వేసుకొని తామే నడుపుకుంటారు.

'కమలాపండ్లు'కు తెలుగు మాటలు రాయడానికి ఇప్పుడు నలుగురు విద్యార్థులు పూనుకున్నారు. ఇంగ్లీషు చూసి రాస్తున్నారు, వేగం తక్కువ. మొదటి పేచీ ఒక్క మాట దగ్గర వచ్చింది. ఇవో వాళ్లు వెళ్లిపోయిన చోటును 'స్వదేశం' అనాలా, 'సొంతూరు' అనాలా? వంద ఏళ్ల కిందట తాతలు వదిలిన నేల సొంతూరు ఎట్లా అవుతుందని ఇద్దరు. తండా పిల్లలిద్దరూ మాత్రం తమ భాషలో ఒక మాట వుంది, దానినే తెలుగు లిపిలో రాస్తామంటున్నారు. అట్లాగైతే సినిమా మొత్తం లంబాడీలోనే రాయవచ్చు గదా అన్నాను. రాస్తున్నారు, రెండు ప్రతులు తయారవుతున్నాయి.