పీచు దారి తెలిసిన చేతులు

పెళ్లి కుదిరిన ఇంటికి శుభలేఖలు ప్రెస్సు నుంచి కట్టలుకట్టలుగా వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు ఒక్కటీ గడప దాటదు. ఇంట్లో ఆడవాళ్లు చాప పరుచుకుని కూర్చుని, పసుపు తడిపి కార్డు నాలుగు మూలలా అద్దుతారు. పైన కుంకుమ బొట్టు పెడతారు. విశాఖలో చాలా ఇళ్లవాళ్లు మొదటి కార్డు సింహాద్రి అప్పన్న సన్నిధిలో పెట్టాకే తక్కినవి పంచుతారు. తిరుమలకు తపాలాలో పంపితే దేవస్థానం నుంచి అక్షింతలు తిరిగొస్తాయి. పెద్దకర్మ కార్డుకు మాత్రం పసుపు తగలనివ్వరు. వేలల్లో అచ్చయిన కార్డు ఆ పసుపు మరకతోనే ఫలానా ఇంటి పిలుపు అవుతుంది. చేత్తో కార్డులు చేసే కళ గురించి రాసేవాళ్లు 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన క్రిస్మస్ కార్డుతో మొదలుపెడుతుంటారు. మన సంగతి ఈ పసుపు మూలలతో మొదలవ్వాలని నా అభిప్రాయం.

కొత్తగా ఈ పని మీద మనసు పడ్డవాళ్లు ముందు దుకాణానికి పరిగెడతారు. మెరుపు కాగితాలు, ముత్యాలు, రిబ్బన్లు, స్టిక్కర్లు, పువ్వు ఆకారంలో కత్తిరించే పంచ్‌లు అన్నీ ఇంటికి చేరతాయి. నాలుగు కార్డులయ్యేసరికి ఉత్సాహం చల్లారుతుంది. మడత దగ్గర రంగు చిట్లి లోపలి తెలుపు బయటపడుతుంది. అతికించిన బొమ్మ అంచులు లేస్తాయి. తిన్నగా ఉన్న అట్ట తెల్లారేసరికి అప్పడంలా వంపు తిరుగుతుంది. సరుకు చాలక వచ్చిన చిక్కులు కావివి. కాగితం స్వభావం పట్టుకుంటే సగం పని అయినట్టే.

మిల్లు కాగితంలో పీచులు ఎక్కువ భాగం ఒకే దిక్కుకు పడుకుని ఉంటాయి. మిషను మీద జాలీ ముందుకు పరుగెడుతుంటే గుజ్జులోని పీచు కూడా ఆ దారినే సర్దుకుంటుంది. ప్రెస్సువాళ్లు దీన్ని గ్రెయిన్ అంటారు. కాగితాన్ని మడత పడకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగిందో ఆ వంపు వెంబడే పీచు ఉన్నట్టు. పీచు వెంట మడిస్తే గీత శుభ్రంగా వస్తుంది. అడ్డంగా మడిస్తే పీచులు విరిగి అట్ట చిట్లుతుంది.

బజార్లో దొరికే ఏ4 అట్టల్లో పీచు సాధారణంగా పొడవు వైపే ఉంటుంది. అంటే 297 మిల్లీమీటర్ల వైపు. దాన్ని ఉన్నపళంగా సగానికి మడిచి పెద్ద కార్డు చేయబోతే మడత పీచుకు అడ్డం పడుతుంది. అదే అట్టను ముందు సగానికి కోసి, వచ్చిన ఏ5 ముక్కను మళ్లీ సగానికి మడిస్తే ఆ మడత పీచు వెంటే నడుస్తుంది. తయారైన ఏ6 కార్డు 105కి 148 మిల్లీమీటర్లు. 114కి 162 ఉండే సీ6 కవరులో చక్కగా ఇముడుతుంది. చిన్న కార్డు చిట్లకపోవడం, పెద్ద కార్డు చిట్లిపోవడం వెనక ఉన్న కారణం ఇంతే. మొదట ఈ ఒక్కటి నేర్పితే పిల్లలు కూడా దుకాణంలో అట్టను వంచి చూసి మరీ కొంటారు.

మడతకు ముందు గాడి పెట్టాలి. సిరా అయిపోయిన బాల్‌పెన్ను, స్టీలు స్కేలు చాలు. స్కేలు ఆనించి అట్ట మీద గట్టిగా గీస్తే ఒక వైపు గాడి, వెనక వైపు సన్నని గట్టు వస్తాయి. ఆ గట్టు మడతకు లోపలి వైపు ఉండాలి. చాలామంది గాడిని లోపలికి పెట్టి మడుస్తారు. అప్పుడు పైపొర ఎక్కువ సాగి పగులుతుంది.

కార్డు తెరవగానే లోపల మెట్టు లేచి నిలబడే పనితనం ఉంది కదా, దానికీ ఒక లెక్క ఉంది. మడత మీద నుంచి లోపలికి రెండు సమానమైన కోతలు పెట్టి, మధ్య ముక్కను లోపలికి తోస్తే మెట్టు తయారవుతుంది. దాని మీద పడవ బొమ్మ అతికించినా, విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం నిలబెట్టినా అందమే. కార్డు మూసినప్పుడు ఆ మెట్టు మడత నుంచి కోత పొడవుకు రెండింతల దూరం వెళ్తుంది. కనుక కోత పొడవు కార్డు వెడల్పులో సగం దాటకూడదు. 105 మిల్లీమీటర్ల కార్డుకు 52.5కి మించితే మూసినప్పుడు కొస బయటికి తొంగిచూస్తుంది.

ఇక మన విశాఖ గాలి. సముద్రం ఒడ్డున వానాకాలమంతా గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. తేమ పీల్చిన పీచు పొడవులో కంటే అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది, కాగితం వంకర పోయేది అందుకే. అట్టలను నిలబెట్టకుండా ప్లాస్టిక్ సంచిలో పడుకోబెట్టి, బూట్ల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు వేసి ఉంచాలి. జిగురులోని నీళ్లు కూడా ఇదే పని చేస్తాయి. ఒక వైపే పెద్ద కాగితం అతికిస్తే అది ఆరుతూ ముడుచుకుని అట్టను లాగేస్తుంది. వెనక కూడా పీచు అదే దిక్కుకు ఉన్న కాగితం అతికించి, బరువు కింద పెడితే రెండు లాగుడులూ సరిపోతాయి. పుస్తకాల బైండింగ్ చేసేవాళ్లకు ఇది చేతికి అలవాటైన పని. పురుగు పట్టకుండా వాళ్లు ఉడికించిన మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకోవడం మేలు.

అలంకారానికి వస్తే, క్విల్లింగ్ అంటే సన్నని కాగితం పట్టీలను చుట్టలుగా చుట్టి బొమ్మలు చేయడం. 3 మిల్లీమీటర్ల పట్టీతో నేర్చుకోవచ్చు. చుట్టను వదులు చేసి ఒక కొస నొక్కితే నీటిచుక్క, రెండు కొసలూ నొక్కితే ఆకు, చుక్క కొసను కొంచెం వంచితే చీర అంచు మీద ఉండే మామిడిపిందె. లోహపు తీగపనిని కాగితంలో అనుకరించే ఈ విద్య యూరప్‌లో పెరిగింది. మనకు కరీంనగర్ వెండి ఫిలిగ్రీ ఉండగా నమూనాలకు ఎక్కడికో పోనక్కర్లేదు. విశాఖకే మరో వారసత్వం ఉంది. 18వ శతాబ్దంలో ఇక్కడి కంసాలులు దంతం మీద పూలతీగెలు చెక్కి, గీతల్లో నల్లని లక్క నింపి, ఉత్తరాలు రాసుకునే పెట్టెలు చేసేవారు. విశాఖ పనివారి సరుకు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మీగడరంగు అట్ట మీద నల్ల సిరాతో ఆ తీగె అంచు వేసి చూడండి, ఇంక స్టిక్కర్ల వైపు చూడబుద్ధి కాదు.

చేతి కార్డు విలువ నాకు ఎక్కువగా కనిపించేది సందర్భాల్లో. అంగట్లో పుట్టినరోజుకూ కొత్త సంవత్సరానికీ కార్డులు దొరుకుతాయి. మనవడి అన్నప్రాసనకో, చెల్లెలి సీమంతానికో, పక్కింటి పిల్ల అక్షరాభ్యాసానికో, అట్లతద్ది ఉయ్యాలకో వెతకబోతే దొరకడం కష్టం. ఓడరేవు ఉద్యోగానికో స్టీలుప్లాంటు ఉద్యోగానికో ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు విశాఖలో ఎన్నో, వాళ్ల పిల్లలు మళ్లీ దేశాలు పట్టి వెళ్లారు. అలాంటి ఇంటి నుంచి అమ్మమ్మ దస్తూరీతో, మనవడి పేరుతో వెళ్లే కార్డు ఆ ఒక్కడి కోసమే పుట్టినది. ఈ కార్డుకూ పసుపు అద్దితే దాన్ని ఎండ తగిలే చోట పెట్టవద్దు, పసుపు రంగు వెలుతురుకు నిలవదు. సున్నం తగిలితే ఎర్రబడుతుంది. కావాలని అలా చేస్తే ఒకే మరకలో రెండు రంగులు వస్తాయి.

ఈ పనిలో ఇంకా లోతుకు వెళ్లాలనుకునేవాళ్లకు విశాఖ పక్కనున్న పాత రేవు భీమిలి దారి చూపిస్తుంది. గోగునారను ప్రపంచ వర్తకులు ఆ రేవు పేరుతోనే బిమ్లిపటం జూటు అనేవారు. కెనాఫ్ అన్నా ఆ మొక్కే, కాగితానికి బాగా పనికొచ్చే నార. నారను సెంటీమీటరు ముక్కలుగా కోసి, బట్టల సోడా వేసిన నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి, బాగా కడిగి, రోట్లో దంచాలి. ఆ గుజ్జును తొట్టి నీళ్లలో కలిపి, చెక్క చట్రానికి బిగించిన దోమతెరతో పైకి ఎత్తి, నాలుగు వైపులా కదిపితే పీచు అన్ని దిక్కులా సర్దుకుంటుంది. నూలుబట్ట మీద బోర్లించి, నీరు పిండి, ఆరబెడితే ఎటు మడిచినా లొంగే కాగితం వస్తుంది. మొదట్లో మందంగా, గరుకుగా ఉంటుంది. దంచే కొద్దీ నునుపు పెరుగుతుంది. రాయడానికైతే పలచని గంజి పట్టించి మళ్లీ ఆరబెట్టాలి, లేకపోతే సిరా పాకుతుంది.