వర్ణించ నలవి కాని కొండలు

"ఆ అందం చూసి తీరవలసిందే గాని వర్ణించ నలవి కాదు!"

కొండల మీదికి వెళ్ళి వచ్చినవారు రాసే యాత్రా వ్యాసాల్లో ఈ వాక్యం లేనిది దొరకడం కష్టం. వర్ణించడానికి వీలే కానప్పుడు వారు నాలుగు పేజీలు రాయడమెందుకో, మనం చదవడమెందుకో నాకు బోధపడదు. అలాగని రాయకుండా ఊరుకుంటారా? ఊరుకోరు. వెండి కొండలు, పచ్చని తివాచీ పరిచినట్టున్న లోయలు, అద్దంలాంటి సరస్సు, చివరికి భూలోక స్వర్గం – ఇవన్నీ వరసగా రావలసిందే. సత్యనారాయణ వ్రతంలో అయిదు కథలూ వచ్చినట్టు!

ఇలాంటి వ్యాసం ఈసారి మీ చేతికి వస్తే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. అందులో 'డాల్ సరస్సు' అని ఉన్నచోట 'నైనితాల్' అని పెట్టి చదవండి. ఆ తర్వాత 'ఊటీ' అని పెట్టి చదవండి. ఎక్కడా ఏమీ అడ్డు తగలకుండా సాగిపోతే ఆ రచయిత ఏ ఊరూ చూడలేదన్నమాట. వెళ్ళి ఉండవచ్చు, ఫొటోలు దిగి ఉండవచ్చు, కాని చూడలేదు.

ఇంత మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. నేనుండేది శ్రీరాంపూర్‌లో. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. చుట్టూ సింగరేణి బొగ్గుగనులు. ఇక్కడ గని అనరు, 'బాయి' అంటారు. మగవాళ్ళు బాయికి పోతారు, షిఫ్టును బట్టి మా ఇళ్ళల్లో వంటా, నిద్రా నడుస్తాయి. ఈ ఉద్యోగాల్లో ఎల్.టి.సి. అనే సదుపాయం ఒకటి ఉంది గనక కాలనీలో ఎవరో ఒకరు పిల్లాపాపలతో సిమ్లా, కులూ, కాశ్మీరు చూసి వస్తూనే ఉంటారు. వచ్చాక అక్రోట్లు పంచుతారు, శాలువా చూపిస్తారు, ఫోనులో మూడు వందల ఫొటోలు చూపిస్తారు.

మా వరసలోనే ఉండే ఒకావిడ అలా కాశ్మీరు, లద్దాఖు చూసి వచ్చింది. ఆవిడ చెబుతుంటే మేం నలుగురం మధ్యాహ్నం పూట పనులు మరిచిపోయి విన్నాం. "లేహ్ల కుక్కర్ లేకుంటే పప్పు పొద్దుగూకిందాక ఉడుకదక్కా" అంది. ఎందుకూ అంటే ఆ ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కనుక నీళ్ళు 100 డిగ్రీలదాకా పోకుండా 88 దగ్గరే మరిగిపోతాయి. నీళ్ళు తెర్లుతున్నట్టే ఉంటాయి, పప్పు మాత్రం బద్ద బద్దగానే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఎప్పుడో చదివి మరిచిపోయిన ముక్క, ఆవిడ నోట పప్పుగిన్నెతో సహా వచ్చేసరికి మాకు ఆ ఎత్తు ఎంతో అర్థమైంది.

శ్రీనగర్‌లో పడవ ఇంటి యజమానురాలితో ఆవిడ తనకు వచ్చిన హిందీ, ఉర్దూ కలిపి మాట్లాడిందట. మంచు పడితే కూరగాయలు దొరకవు గనక వంకాయలు, సొరకాయలు, టమాటాలు ఎండలున్నప్పుడే కోసి ఎండబెట్టి దాచుకుంటారట అక్కడి ఆడవాళ్ళు. "అవి మన ఒరుగులే గదా!" అని మేమందరం ఒక్కసారే అన్నాం. అక్కడివాళ్ళు పొడుగు చొక్కాలాంటి ఫెరన్ లోపల పట్టుకునే కాంగ్డీ గురించి కూడా చెప్పింది. మట్టిమూకుడులో నిప్పులు, చుట్టూ సన్నని కొమ్మలతో అల్లిన బుట్ట. ఒడిలో పెట్టుకునే కుంపటి అన్నమాట. బొగ్గుల ఊరివాళ్ళం గనక మాకు ముందు వచ్చిన సందేహం, బట్టలు అంటుకోవూ అని!

ఇంత చక్కగా చెప్పిన ఆవిడే, మా ప్రోద్బలం మీద ఆ ప్రయాణాన్ని కాగితం మీద పెట్టింది. చదివితే ఏముంది? పప్పు లేదు, ఒరుగులు లేవు, కాంగ్డీ లేదు. వెండి కొండలు వచ్చాయి, పచ్చని తివాచీ వచ్చింది. భూలోక స్వర్గమూ వచ్చింది. "అవన్నీ ఇంటి ముచ్చట్లు గదక్కా, పుస్తకంల రాస్తరా?" అంది అమాయకంగా.

నా వాదమంతా ఈ ప్రశ్న మీదనే. ఇంటి ముచ్చట్లు రాయకూడదని ఎవరు చెప్పారు మనకు? మన భాషలో యాత్రాసాహిత్యానికి ఆద్యుడని చెప్పుకునే ఏనుగుల వీరాస్వామయ్య అలా అనుకోలేదు. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పెద్ద ఉద్యోగం చేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారిలో రాసి పంపినవాటిని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించాడు. ఆయన మా జిల్లా మీదుగానే, నిర్మల్ కొండదారి దాటి, ఆదిలాబాద్ మీదుగా నాగపూరు వెళ్ళాడు. మజిలీ మజిలీకీ ఆయన చూసినవేమిటి? ఊరు ఎంతటిది, నీళ్ళెలా ఉన్నాయి, బియ్యం పప్పు దొరుకుతాయా, దారి బోయీలు నడవడానికి పనికివస్తుందా, నది దాటడానికి ఏం సాధనం ఉంది. ఇంటి ఇల్లాలు ప్రయాణానికి ముందు అడిగే ప్రశ్నలే అవి! రెండు వందల ఏళ్ళు కావస్తున్నా ఆ పుస్తకం బతికి ఉండడానికి కారణం ఈ 'ఇంటి ముచ్చట్లే' గాని వర్ణనలు కావు.

ఆడవాళ్ళు రాయలేదా అంటే రాశారు. నాయని కృష్ణకుమారి గారు కాశ్మీరు యాత్ర మీద 'కాశ్మీర దీపకళిక' రాశారు. కవయిత్రి, ఆచార్యులు, తర్వాత తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షురాలైన విదుషి. నాకు ఆ పేరులోనే ఒక పాఠం కనిపిస్తుంది. స్వర్గం అనలేదు, దీపకళిక అన్నారు. స్వర్గాన్ని చూసి నోరు వెళ్ళబెట్టడం తప్ప మనం చేయగలిగిందేమీ లేదు. దీపం అలా కాదు, దాని వెలుగులో ఇంకొకటి చూడవచ్చు. పల్లెపడుచులు పాడుకునే గేయగాథల మీద పరిశోధన చేసిన ఆవిడకు చిన్న వస్తువు విలువ తెలియకపోతుందా?

సరస్సుల సంగతికి వస్తే, లద్దాఖులోని పాంగాంగ్ సరస్సుకి 2009లో వచ్చిన 'త్రీ ఇడియట్స్' సినిమా తర్వాత యాత్రికులు బారులు తీరారు. సినిమాలో కథానాయిక వచ్చిన పసుపుపచ్చ స్కూటరులాంటిది అక్కడ ఫొటోల కోసం పెట్టి ఉంచుతారు. సినిమావాళ్ళు చూపించిన చోటే నిలబడి, వారు చూసిన వైపే చూసి వస్తున్నాం. 4,200 మీటర్లకు పైన, సముద్రానికి ఎక్కడో దూరాన ఉన్న ఆ సరస్సులో నీళ్ళు ఉప్పగా ఉంటాయన్న ముక్క ఎంతమంది రాశారు? నీలం రంగు గురించి అందరూ రాశారు. రుచి చూసినవాళ్ళు తక్కువ.

కోటల విషయంలో మనం ఇంకో పొరపాటు చేస్తాం. రాజు పేరు, కట్టిన ఏడు, అంతస్తులెన్ని – అయిపోయింది. లేహ్‌లో తొమ్మిదంతస్తుల రాజభవనాన్ని 17వ శతాబ్దిలో సెంగే నామ్‌గ్యాల్ కట్టించాడంటాం. మరి అంత ఎత్తుకి నీళ్ళు ఎవరు మోశారు? శ్రీనగర్‌లో హరి పర్వతం చుట్టూ గోడ కట్టించిన అక్బరు చక్రవర్తి అక్కడి ద్వారం మీద పారశీకంలో శాసనం వేయించాడు. ఖజానా నుంచి కోటీ పది లక్షలు ఖర్చయిందనీ, ఎవరితోనూ వెట్టి చేయించలేదనీ, అందరికీ కూలి ముట్టిందనీ దాని సారాంశం. చక్రవర్తి మాటను ఎంతవరకు నమ్మాలన్నది వేరే సంగతి. కాని రాళ్ళు మోసినవారి కూలి ప్రస్తావన శాసనంలో ఉంది, మన వ్యాసంలో లేదు! వెట్టి అంటే ఏమిటో బాగా తెలిసిన తెలంగాణ మనిషి కూడా ఆ గుమ్మం కింద ఫొటో దిగి వచ్చేస్తే ఎలాగండీ?

మాకు దగ్గరలో మందమర్రి వైపు బొక్కలగుట్ట దాటితే అడవిలో గాంధారి ఖిల్లా ఉంది. రాతిగుట్టనే తొలిచిన కోట. ఏటేటా గాంధారి మైసమ్మ జాతరకు నాయకపోడు వాళ్ళు తరలివస్తారు. రాజులు పోయినా వారు రావడం మానలేదు. ఇప్పుడు ఆ కోట ఎవరిదంటారు? పలకరించే తీరిక ఉంటే, రాజుల పట్టికకన్నా మంచి వ్యాసానికి పనికివచ్చే సంగతులు చెప్పగలిగినవారు ఆ జాతరలోనే ఉంటారు.

అన్నట్టు, ఇంకో అలవాటు కూడా మనవాళ్ళకుంది. లంబసింగి 'ఆంధ్రా కాశ్మీరు', హార్సిలీ హిల్స్ 'ఆంధ్రా ఊటీ', చలికాలం వచ్చిందంటే మా ఆదిలాబాద్ 'తెలంగాణ కాశ్మీరు'. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు మన కొండలకి సొంత పేరు చాలదు మనకు. నిజానికి హిమాలయాలు ఎరిగిన ఒక మనిషి మా కొండలకు వచ్చి ఉన్నాడు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగిన తర్వాత గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన ఆస్ట్రియా దేశీయుడు హైమన్‌డార్ఫ్. అంతకుముందే నాగా కొండలు చూశాడు, ఆ తర్వాత నేపాల్ వెళ్ళి షెర్పాల మీద పుస్తకం రాశాడు. అది 1964లో వచ్చింది. ఆదిలాబాద్ రాజగోండుల మీద పుస్తకం అంతకుముందే, 1948లో వచ్చింది. ఎవరెస్టు నీడన ఉన్నవారిని ఎంత శ్రద్ధగా చూశాడో, మార్లవాయిలో పూరిళ్ళవారినీ అంత శ్రద్ధగానే చూశాడు. భార్య బెట్టీ కూడా ఆ ఊళ్ళో ఆయనతోపాటు ఉంది. ఆమె 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే సమాధి మార్లవాయిలోనే కట్టారు. 1995లో మరణించిన ఆయన అస్థికలు కూడా తర్వాత ఆ పక్కకే చేరాయి. చూపు ఎత్తుగా ఉండాలి గాని కొండ ఎత్తుదేముంది?

"సెలవు దొరికేదే పది రోజులు. జన్మకో కాశ్మీరు. వంటింటి నుంచి కాస్త ఊపిరి పీల్చుకుందామని వెళితే అక్కడ కూడా పప్పు ఎలా ఉడుకుతోందో, కూలి ఎంతో కనుక్కుంటూ కూర్చోవాలా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మంచుకొండను చూసి మాట పడిపోవడం అబద్ధం కాదు, ఆనందపడవద్దనడానికి నేనెవరిని? చూస్తున్నంతసేపూ కళ్ళప్పగించి చూడండి. కాని ఇంటికొచ్చి కలం పట్టుకున్నాక మాత్రం అక్కడి మనుషులను చెరిపేయకండి అంటున్నాను. చెరిపేస్తే ఏమవుతుందో చెబుతాను.

పహల్గాం వెళ్ళినవారి ప్రతి ఆల్బంలోనూ గుర్రం మీద కూర్చున్న ఫొటో ఉంటుంది. కళ్ళెం పట్టుకున్న మనిషి సగం తెగి అంచున ఉంటాడు. వ్యాసంలో అయితే 'గుర్రంవాడు' అంతే. డబ్బులెక్కువ అడిగాడనో, తొందర పెట్టాడనో ఒక వాక్యం. 2025 ఏప్రిల్ 22న ఆ పహల్గాం పైనున్న బైసరన్ పచ్చిక మైదానంలో ఉగ్రవాదులు 26 మంది ప్రాణాలు తీశారు. సరదాగా సెలవులకు వెళ్ళిన పాతికమంది. వారితోపాటు ఒక్క స్థానికుడు, గుర్రాల మీద యాత్రికులను తిప్పే యువకుడు. వచ్చినవారిని కాపాడబోయి పోయాడని ఆ రోజుల్లో పత్రికలన్నీ రాశాయి. ఆ వార్త చదివాక నేను పాత యాత్రా వ్యాసాలు కొన్ని తీసి చూశాను. కొండల పేర్లున్నాయి, హోటళ్ళ పేర్లున్నాయి, శాలువాల ధరలున్నాయి. ఒక్క గుర్రపు మనిషి పేరు లేదు. భయం పుట్టినప్పుడు ఒక ప్రాంతం మొత్తాన్ని ఒకే గాటన కట్టేయడం ఎంత తేలికో మనకు తెలుసు. అక్కడ ఒరుగులు ఎండబెట్టుకునే ఇల్లాలొకతె మనకు తెలిసి ఉంటే, ఆ మాట అనబోయే ముందు నోరు కాస్త తడబడుతుంది. యాత్రా వ్యాసం చేయగలిగిన మేలు అదే. వెండి కొండలు ఆ పని చేయలేవు.

చలికాలంలో మా వీధుల్లోకి శాలువాల మూటలు భుజాన వేసుకుని కాశ్మీరు మనుషులు వస్తుంటారు. ఆ పష్మీనా లద్దాఖు పీఠభూమిలో మేకల మెత్తని బొచ్చు, అక్కడి ఇళ్ళల్లో ఆడవాళ్ళు రాట్నం మీద వడికిన నూలు అని ఎన్నో చోట్ల చదువుతాం. మనం మాత్రం బేరమాడి పంపేస్తాం. అలాంటివారిలో ఒకరు మా శ్రీరాంపూర్ గురించి ఇంటికి ఉత్తరం రాస్తే ఎలా ఉండాలని మనం కోరుకుంటాం? ఓపెన్‌కాస్టు పక్కన పోసిన మట్టిగుట్టలు చూసి "ఇక్కడి కొండల అందం వర్ణించ నలవి కాదు" అని రాస్తే మనకు నవ్వు రాదూ? "ఇక్కడి మగవాళ్ళు రాత్రిపూట భూమి లోపలికి దిగుతారు. ఆడవాళ్ళు వాళ్ళు తిరిగొచ్చేదాకా పొయ్యి మీద నీళ్ళు కాగబెట్టి ఉంచుతారు. ఒకావిడ నాకు చాయ్ ఇచ్చింది" అని రాస్తే చాలు. ఆ ఉత్తరం చదివిన వాళ్ళమ్మకి మనమెవరమో తెలుస్తుంది.