3.4 రెంకా: పలువురి చేతుల పూల అమరిక

ఇకెబానా పుట్టుపూర్వోత్తరాలు గత భాగంలో చదివారు. క్యోటోలోని రొక్కకుడో ఆలయంలో బుద్ధునికి పూలు సమర్పించే ఆచారం నుంచి ఇకెనోబో సంప్రదాయం ఎదిగిందనీ, 1927లో సోఫు తెషిగహరా సోగెత్సు శాఖను స్థాపించాడనీ తెలుసుకున్నారు. ఇప్పుడు ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. ఒక మనిషి ఒక పాత్ర ముందు మౌనంగా కూర్చుని చేసే ఈ పనిని సామూహిక కళ అనవచ్చునా?

పదిమంది కలిసి నేర్చుకుంటారు, కలిసి ప్రదర్శిస్తారు కాబట్టి అనవచ్చునని చాలామంది జవాబిస్తారు. ఈ జవాబు చాలదు. ఒకే గదిలో ఇరవైమంది ఇరవై పాత్రలలో పూలు అమర్చితే అక్కడ ఇరవై రచనలు ఉంటాయి గాని, సమష్టి రచన ఉండదు. ఒకరి నిర్ణయం మరొకరి నిర్ణయాన్ని మార్చినప్పుడే సమష్టి సృజన మొదలవుతుంది.

అటువంటి ప్రక్రియ సోగెత్సు శాఖలో ఉంది. దాని పేరు రెంకా, అంటే గొలుసు పూలు. సోఫు కుమారుడు, 'వుమన్ ఇన్ ద డ్యూన్స్' (1964) చిత్ర దర్శకుడు హిరోషి తెషిగహరా 1980లో శాఖాధిపతి అయ్యాడు. 1990ల దశకంలో ఆయన రెంకాను ప్రవేశపెట్టాడు. జపాను సాహిత్యంలో రెంగా అనే గొలుసు కవిత ఉంది. ఒక కవి చెప్పిన భాగాన్ని మరొక కవి అందుకుని కొనసాగిస్తాడు. రెంకాలోనూ అంతే. ముందుగా పథకం లేకుండా ఒకరు కొమ్మలు నిలుపుతారు. తరువాతివారు వాటిని చూసి అప్పటికప్పుడు స్పందిస్తారు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. సోగెత్సు ప్రాథమిక పాఠాలలో కచ్చితమైన కొలతలు ఉంటాయి. పాత్ర వ్యాసం 24 సెం.మీ., ఎత్తు 6 సెం.మీ. అనుకోండి. రెండూ కలిపి ఒకటిన్నర రెట్లు, అంటే 45 సెం.మీ., ప్రధాన కొమ్మ 'షిన్' పొడవు. రెండవదైన 'సోయె' అందులో నాలుగింట మూడు వంతులు. మూడవదైన 'హికాయె' సోయెలో నాలుగింట మూడు వంతులు. ఇన్ని నియమాల మధ్య సృజనకు చోటెక్కడ?

భాషకు వ్యాకరణం ఎలాగో, పూల అమరికకు ఈ కొలతలు అలాగే. వ్యాకరణం తెలిసిన ఇద్దరి మధ్యనే సంభాషణ సాగుతుంది. మొదటివారు కొమ్మను ఎడమకు వంచి కుడివైపు ఖాళీ వదిలితే, ఆ ఖాళీ కూడా రచనలో భాగమేనని రెండవవారికి తెలియాలి. దాన్ని నింపాలా, అలాగే ఉంచాలా అన్నదే వారి నిర్ణయం. మొదటివారు కూడా ఒకటి వదులుకోవాలి. తమ కొమ్మను మరొకరి ఆకులు కప్పేస్తుంటే చూస్తూ ఊరుకోవాలి. రెంకాలోని అసలు కష్టం ఇదే; దాని విలువ కూడా ఇందులోనే ఉంది.

అయితే ఒక పరిమితిని విమర్శకులుగా మనం గుర్తించాలి. ఎవరైనా, ఎక్కడైనా, ఏ వస్తువుతోనైనా ఇకెబానా చేయవచ్చునన్నది సోగెత్సు సిద్ధాంతం. కాని శాఖకు వంశపారంపర్య అధిపతి, అంచెలంచెల యోగ్యతాపత్రాలు ఉన్నాయి. శిక్షణ పొందినవారే రచయితలై, మిగిలినవారు ప్రేక్షకులుగానే ఉండిపోతే 'ఎవరైనా' అన్న మాట సగమే నిజమవుతుంది. రెంకా అహాన్ని తగ్గిస్తుంది గాని, అంతస్తులను తొలగించదు.

అభ్యాసం: మీ సంపర్క తరగతిలో మరో ఇద్దరితో కలిసి, దొరికిన కొమ్మలతో, మాట్లాడుకోకుండా ఒకరి తరువాత ఒకరు ఒకే పాత్రలో అమర్చండి. మీ కొమ్మ స్థానం ఎవరి వల్ల, ఎలా మారింది? పది వాక్యాలలో రాయండి.