చారల లెక్క

బార్డ్ ప్లిమత్ రాక్ కోడి ఈకను ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూడాలి. నలుపు, తెలుపు అడ్డచారలు కాడకు అటూ ఇటూ కొలిచి గీసినట్టు ఉంటాయి. పైకి కనిపించని నూగు భాగంలో కూడా చార చెదరదు. ఈక పెరిగేటప్పుడు రంగు కణాలు కాసేపు పనిచేసి, కాసేపు ఆగుతాయి. ఆగినప్పుడు పడ్డదే తెల్ల చార. ఈ జాతిలో ఈక నిదానంగా పెరుగుతుంది కనక చార అంచు తేటగా పడుతుంది.

1869లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ ప్రదర్శనకు వచ్చిన ఈ కోడి అమెరికా పెంపకందార్లను ఓ పట్టాన వదల్లేదు. వాళ్ళకొచ్చిన చిక్కల్లా ఒకటే. ఒకేసారి పొదిగిన గుడ్లలోంచి పుట్టినా పుంజులు లేత ఛాయలో, పెట్టలు ముదురు ఛాయలో తేలేవి. పోటీలో మార్కులేసేవాళ్ళకేమో రెండూ ఒకే ఛాయలో కావాలి. దాంతో రెండు వేర్వేరు మందలు కట్టారు. ఒకటి బహుమతి పుంజుల కోసం. అందులో పెట్టలు మరీ ముదిరిపోయి ఉంటాయి. ఇంకొకటి బహుమతి పెట్టల కోసం. అందులో పుంజులు వెలిసిపోయి ఉంటాయి. అంటే ఏ మంద చూసినా సగం కోళ్ళు ప్రదర్శన గడప తొక్కవు. దీన్ని పిచ్చి అన్నవాళ్ళూ ఉంటారు. కారణం తెలియకుండానే లెక్క సరిగ్గా కట్టిన ఆ చేతులకు నేనైతే దండం పెడతాను.

కారణం తర్వాత తెలిసింది. చారల వారసత్వం లింగంతో ముడిపడి ఉందని 1908లో డబ్ల్యూ.జె. స్పిల్‌మన్ రాశాడు. పక్షుల్లో పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక్కటే. చారల జన్యువు ఆ జెడ్ మీదే ఉంది. పుంజుకు రెండు మోతాదులు అందితే, పెట్టకు ఎప్పుడూ ఒకటే అందుతుంది. మోతాదు పెరిగితే తెలుపు పెరుగుతుంది.

గోదావరి జిల్లాల్లో ఈక రంగు చూసి కాకి, డేగ, నెమలి అని పుంజుకు పేరు పెట్టే మనవాళ్ళకు రంగు కనిపెట్టే కన్ను కొత్త కాదు. గుడ్డులోంచి వచ్చిన రోజునే పిల్ల ఆడదో మగదో రంగును బట్టి తేల్చడం మాత్రం వేరే విద్య. మొదటి ప్రపంచ యుద్ధకాలపు దాణా కొరతలో కేంబ్రిడ్జి ఆచార్యుడు రెజినాల్డ్ పన్నెట్ దాని మీద దృష్టి పెట్టాడు. గుడ్ల కోసం పెంచేవాడికి పుంజుపిల్లల మేత దండగే కదా. చారల పెట్టను చారల్లేని నల్ల పుంజుతో కలిపితే పుంజుపిల్లలకే చార వస్తుంది. నెత్తిమీద తెల్ల మచ్చ ఉన్నది పుంజు, లేనిది పెట్ట. కానీ ఆ లెక్క ఒక్క తరంతో సరి. ప్రతిసారీ రెండు జాతులూ తెచ్చి మళ్ళీ కలపాల్సిందే.

తరతరానికీ దానంతటదే నిలిచే గుర్తు కావాలి. అచ్చమైన ప్లిమత్ రాక్ పిల్లల్లో ఆ తేడా లేకపోలేదు. పెట్టపిల్ల నెత్తి మచ్చ చిన్నది, కాళ్ళ ముందువైపు నలుపు ఎక్కువ. పుంజుపిల్ల మచ్చ పెద్దది, కాళ్ళు తేటపసుపు. అయితే నల్లటి నూగు మీద దాన్ని పోల్చుకోవడానికి ఆరితేరిన కన్ను కావాలి. పన్నెట్, ఆయనతో కలిసి పనిచేసిన మైకేల్ పీస్ చూపిన పనితనమంతా అక్కడే ఉంది. వాళ్ళు గుర్తు జోలికి పోకుండా దాని వెనకున్న నేలను మార్చారు. చారల జన్యువును గోధుమరంగు నూగుండే గోల్డెన్ క్యాంపైన్ జాతిలోకి ఎక్కించారు. 1929 నాటికి కేంబార్ తయారైంది. ఆ తర్వాత వెన్నుమీద గీతలుండే బ్రౌన్ లెగ్‌హార్న్ నుంచి లెగ్‌బార్ వచ్చింది. లెగ్‌బార్‌లో పెట్టపిల్లకు వెన్నుగీత స్పష్టంగా ఉంటుంది. రెండు మోతాదులున్న పుంజుపిల్లకు అది అలుక్కుపోతుంది. పుంజుకు నిజంగా రెండు మోతాదులూ ఉన్నాయా అన్నది తేల్చుకోవాలంటే చారల్లేని పెట్టతో కలపాలి. ఒక్క పిల్ల చార లేకుండా పుట్టినా ఆ పుంజును పక్కన పెట్టాల్సిందే.

ఇంత చేసి తీసిన లెగ్‌బార్ ఈకను ప్లిమత్ రాక్ ఈక పక్కన పెడితే మసకగా ఉంటుంది. లెగ్‌హార్న్ రక్తం వల్ల ఈక త్వరగా పెరుగుతుంది, చార అంచు నిలవదు. కేంబ్రిడ్జివాళ్ళు దాని గురించి దిగులు పడినట్టు లేదు.

కాళ్ళ రంగు ఇంకో లెక్క. అది రెండు పొరల్లో తయారవుతుంది. పైపొరలో పసుపు ఉండి, లోపొరలో నలుపు లేకపోతే కాళ్ళు పసుపు. పైన తెలుపు, లోపల నలుపు అయితే నీలిబూడిద. పైన పసుపు, లోపల నలుపు అయితే ఆకుపచ్చ! లోపలి నలుపును అణిచే జన్యువు కూడా జెడ్ మీదే ఉంది. పసుపు మాత్రం అంతర్గత లక్షణం. తల్లీ తండ్రీ తెల్లకాళ్ళవే అయినా పిల్లకు పసుపుకాళ్ళు రావచ్చు. ఈ పసుపు జన్యువు ఎర్ర అడవికోడిది కాదని, మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో ఉప్సలా శాస్త్రవేత్తల బృందం చూపించింది.

జన్యువు ఉన్నంత మాత్రాన రంగు రాదు. మొక్కజొన్న, ఆకుకూర లాంటి మేత నుంచే ఆ పసుపు చేరాలి. పెట్ట గుడ్లు మొదలెట్టిందంటే ఆ పసుపు సొనలోకి పోతుంది. ముక్కు, ఆ తర్వాత కాళ్ళు పాలిపోతాయి. కాళ్ళ రంగు చూసి పెట్టను ఎంచుకోవాలంటే అది గుడ్లకు రాకముందే ఎంచుకోవాలి.